కాలేజీ ఖర్చుతో కాలేజీ చూసి రావడం: నా అనుభవం

అమెరికాలోని కొన్ని ప్రైవేటు కళాశాలలు, ముఖ్యంగా చిన్న లిబరల్ ఆర్ట్స్ కళాశాలలు (ఒకే వృత్తి చదువు కాకుండా సాహిత్యం, శాస్త్రాలు, సామాజిక విషయాలు కలిపి నేర్పేవి), పన్నెండో తరగతిలోకి వచ్చిన విద్యార్థులను కొందరిని ఎంపిక చేసి, విమాన టిక్కెట్టు, బస, భోజనం అన్నీ తామే భరించి, రెండు మూడు రోజులు తమ ప్రాంగణంలో ఉంచుకుంటాయి. వీటిని వాడుకలో ఫ్లై-ఇన్ ప్రోగ్రాములు అంటారు. తల్లిదండ్రులు కాలేజీ మెట్లు ఎక్కని పిల్లలు, తక్కువ ఆదాయం గల ఇళ్ళ పిల్లలు, పల్లెల నుంచి వచ్చేవాళ్ళు, ఇలాంటి కళాశాలల్లో ఇంతకాలం పెద్దగా కనిపించని వర్గాలవాళ్ళు వచ్చి స్వయంగా చూడాలన్నది వీటి ఉద్దేశం. విలియమ్స్ కళాశాలలో దీన్ని 'విండోస్ ఆన్ విలియమ్స్' అంటారు. కార్ల్‌టన్‌లో 'టేస్ట్ ఆఫ్ కార్ల్‌టన్' అనీ, కెన్యన్‌లో 'కల్చరల్ కనెక్షన్స్' అనీ పేర్లు. పెన్సిల్వేనియాలోని స్వార్త్‌మోర్ కళాశాలలో దీని పేరు 'డిస్కవర్ స్వార్త్‌మోర్'. నేను 2023 వేసవిలో వీటిలో కొన్నింటికి దరఖాస్తు చేసి, ఆ శరదృతువులో స్వార్త్‌మోర్ వెళ్ళి వచ్చాను. మన పిల్లల్లో అర్హత ఉన్నవాళ్ళు కూడా ఇవి తమకోసం కావనుకుని వదిలేయడం చూశాక, జరిగినదంతా వివరంగా రాయాలనిపించింది.

మాది, మేం ఉన్నప్పుడు ప్రకాశం జిల్లాలో ఉన్న మార్కాపురం. మా మేనత్త 2004లో నాన్న కోసం వేసిన పిటిషన్ మా వంతుకు వచ్చేసరికి 2019 అయింది. అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ ఉండే ఎఫ్-4 కోటాలో భారతదేశానికి నిరీక్షణ అంత పొడుగు. ఆమె కాగితాలు వేసిన నాటికి నేను పుట్టనే లేదు. నాన్న అప్పటిదాకా పలకల ఫ్యాక్టరీలో పనిచేశాడు. అమ్మ ఇంటర్ వరకు చదివి, ఒక చిన్న ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ పిల్లలకు అక్షరాలు దిద్దించేది. ఇక్కడికి వచ్చాక టెక్సాస్‌లోని డాలస్ పక్కన ఇర్వింగ్‌లో నాన్న గ్యాస్ స్టేషన్ కౌంటరులోనూ, అమ్మ ఒక వేర్‌హౌస్‌లో ప్యాకింగులోనూ చేరారు. డాలస్ ప్రాంతపు తెలుగువాళ్ళంటే సాఫ్ట్‌వేరు ఉద్యోగాలూ, ఫ్రిస్కో వైపు కొత్త ఇళ్ళూ అని అందరూ అనుకుంటారు. నడివయసులో ఎఫ్-4 మీద వచ్చి గంటల లెక్కన జీతం తీసుకునే కుటుంబాలు కూడా అదే గుడిలో, అదే ఉగాది వేడుకలో ఉంటాయి. కానీ తమ పని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇండియన్ల పిల్లలకు ఇలాంటి ప్రోగ్రాముల్లో చోటుండదని నాకు చెప్పినవాళ్ళు కూడా ఆ సమూహంలోని వాళ్ళే. అర్హతల పేజీలు చదివితే చాలా కళాశాలలు ముందుగా అడిగేది తల్లిదండ్రుల చదువు గురించీ, కుటుంబ ఆదాయం గురించీ, మనం పెరిగిన పరిస్థితుల గురించీ అని తెలుస్తుంది.

నివాస హోదా గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. మాకు గ్రీన్ కార్డు ఉండడం వల్ల ఆర్థిక సహాయం విషయంలో నన్ను ఈ దేశపు విద్యార్థిగానే పరిగణించారు. తల్లిదండ్రుల హెచ్-1బి మీద ఆధారపడి హెచ్-4 వీసాతో ఉన్న పిల్లలను మాత్రం చాలా కళాశాలలు ఈ విషయంలో విదేశీ విద్యార్థులుగా లెక్కిస్తాయి. ఫ్లై-ఇన్ అర్హత ఒక్కోచోట ఒక్కోరకంగా ఉంటుంది కనుక, దరఖాస్తు మొదలుపెట్టకముందే అడ్మిషన్స్ ఆఫీసుకు మెయిల్ రాసి అడగడం అవసరం.

నేను దరఖాస్తు ఫారాలు తెరిచిన రోజుల్లోనే, 2023 జూన్ 29న, సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయాల కేసుల్లో తీర్పు ఇచ్చింది. ప్రవేశాల్లో జాతిని (రేస్) ఒక అంశంగా పరిగణించకూడదన్నది ఆ తీర్పు సారాంశం. అయితే, తన జాతి తన జీవితాన్ని ఎలా ప్రభావితం చేసిందో విద్యార్థి వ్యాసంలో రాసుకుంటే దాన్ని చదవడానికి అడ్డు లేదనీ, ఆ అనుభవం నుంచి విద్యార్థికి వచ్చిన ధైర్యాన్నో సామర్థ్యాన్నో చూడాలే తప్ప జాతిని కాదనీ ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ రాశారు. ఆ వేసవిలో పలు కళాశాలలు వ్యాసాల ప్రశ్నలను తిరగరాశాయి. 'నువ్వు ఎక్కడి నుంచి వచ్చావు, అక్కడ ఏం చూశావు, అది నీ ఆలోచనను ఎలా మలిచింది' అన్న తరహా ప్రశ్నలు నాకు చాలాచోట్ల కనిపించాయి. ఆ తీర్పు మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, అలాంటి ప్రశ్నకు తలొంచుకుని నిజాయితీగా జవాబు రాయడం మాత్రం మంచి కసరత్తు అని నా నమ్మకం.

దరఖాస్తుకు రుసుము లేదు. పదకొండో తరగతి వరకు వచ్చిన మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్, కుటుంబ వివరాలు, ఒకటి రెండు చిన్న వ్యాసాలు, కొన్నిచోట్ల స్కూలు కౌన్సెలర్ లేఖ అడుగుతారు. గడువులు సాధారణంగా జులై, ఆగస్టు నెలల్లో ఉంటాయి. సరిగ్గా స్కూళ్ళు మూసి ఉండే కాలం అది కావడం వల్ల అసలు ఇబ్బంది మొదలవుతుంది. ఒక్కో కౌన్సెలర్‌కు 250 మందికి మించి విద్యార్థులు ఉండకూడదని అమెరికా స్కూల్ కౌన్సెలర్ల సంఘం సూచిస్తుంది. పెద్ద ప్రభుత్వ పాఠశాలల్లో ఆ లెక్క చాలాసార్లు కాగితం మీదే ఉంటుంది. నేను ఎంతో ఆశపెట్టుకున్న ఒక దరఖాస్తు లేఖ లేక ఆగిపోయింది, ఎందుకంటే సెలవుల్లో నా మెయిళ్ళకు జవాబు ఇచ్చేవారు లేరు. నా రసాయన శాస్త్రం టీచరు తాను రాస్తానని ముందుకు రావడంతో, టీచరు లేఖను కూడా అంగీకరించే కళాశాలలకు ఆ లేఖే ఆధారమైంది. పదకొండో తరగతిలో ఉన్నవాళ్ళు మే నెలలో, సెలవులు రాకముందే, కౌన్సెలర్‌ను కలిసి ఈ ప్రోగ్రాముల పేర్లు రాసిచ్చి రావాలని నేను గట్టిగా చెబుతాను.

మా ఇంట్లో కష్టమైంది ఆదాయం వివరాల దగ్గర. కొన్ని ఫారాలు కుటుంబ ఆదాయం ఏ శ్రేణిలో ఉందో అడిగాయి. స్కూల్లో ఉచితంగా గానీ తగ్గింపు ధరకు గానీ భోజనం పొందుతున్నానా అని మరికొన్ని అడిగాయి. నాకు ఉచిత భోజనం ఉండేది. స్కూల్ డిస్ట్రిక్ట్ పంపిన లేఖ కూడా ఉంది. ఆ విషయం ఒక కాలేజీకి రాసి పంపడం నాన్నకు ఇష్టం లేదు. మార్కాపురంలో చుట్టాలందరికీ మేం అమెరికాలో ఉన్నవాళ్ళం. పండక్కి డబ్బు పంపేవాళ్ళం. ఆ పేరు వెనక ఉన్న నెల లెక్కలు ఇంటి గడప దాటకూడదన్నది ఆయన పట్టుదల. నాన్నను ఒప్పించింది నేను కాదు, మా మేనత్త. ఆమె ఒక ఆదివారం వచ్చి, ట్యాక్సు రిటర్నుల్లో ప్రభుత్వానికి ప్రతి ఏటా చెబుతున్న లెక్కే కాలేజీకి చెబుతున్నామని, దాచుకోవలసినంత తప్పు ఏదీ మనం చేయలేదని తమ్ముడికి నచ్చజెప్పింది. నాన్న ఆ రాత్రి 1040 అనే ట్యాక్సు ఫారాల ఫైలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. తన ఇష్టాన్ని పక్కన పెట్టి ఆయన ఇచ్చిన ఆ ఫైలుకు నేను ఎంతో రుణపడి ఉన్నాను.

వ్యాసం విషయంలో సలహాలకు కొదవ లేదు. సంక్రాంతి ముగ్గులు, కూచిపూడి, రెండు భాషల మధ్య పెరగడం అని నా స్నేహితులు ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. అవి మంచి విషయాలే, కానీ వాటి గురించి నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. నాకు దగ్గర నుంచి తెలిసింది పలక. మార్కాపురం పలకలకు పేరుపొందిన ఊరు. ఆంధ్ర, తెలంగాణల్లో తరతరాల పిల్లలు ఓనమాలు దిద్దింది మా చుట్టుపక్కల గనుల రాతి మీద. నాన్న ఆ రాయిని కోసే యంత్రం దగ్గర పనిచేసేవాడు. ఇంటికి వచ్చేసరికి కనురెప్పల దాకా బూడిదరంగు దుమ్ము. దగ్గు ఆ వీధిలో ప్రతి ఇంట్లో వినిపించేది. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక రాతి పలకలకు గిరాకీ తగ్గి ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా మూతపడడం, కొన్ని ఇళ్ళ గోడలకు వేసే రంగురాళ్ళ వ్యాపారంలోకి మారడం కూడా చూశాను. లక్షల మంది పిల్లలకు అక్షరం నేర్పిన పలకను కోసిన మనిషి తన బిడ్డ కాలేజీ ఫారంలో తన చదువు గడిలో 'హైస్కూల్ పూర్తి కాలేదు' అని నింపవలసి వచ్చింది. వ్యాసానికి అదే మొదటి వాక్యం అయింది.

రాస్తూ రాస్తూ చదువుతుంటే నాకు తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. స్వార్త్‌మోర్ ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రమే ఒకప్పుడు అమెరికాకు పలకరాయి అందించిన చోటు. లీహై కౌంటీలో స్లేటింగ్‌టన్ అని ఊరి పేరే పలక మీద పెట్టుకున్న ఊరు ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో వేల్స్ నుంచి వచ్చిన గని కార్మికులు అక్కడ స్థిరపడ్డారు, బడిపిల్లల పలకలు అక్కడ తయారయ్యాయి. సముద్రాలు దాటి వచ్చి రాయి కోసినవాళ్ళ ఊరు ఒకటి ఆ రాష్ట్రంలో ఉందని తెలిశాక, ఆ కళాశాలకు నా కథ పరాయిది కాదనిపించింది. వ్యాసంలో దాని గురించి రెండు వాక్యాలే రాశాను, ఎందుకంటే అది చదివి తెలుసుకున్నది. పలక దుమ్ము నేను చూసినది.

చదవదలచుకున్న విషయం మీద వేరే చిన్న ప్రశ్న ఉంటే, నీళ్ళ గురించి రాశాను. పశ్చిమ ప్రకాశంలో బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. మార్కాపురం, కనిగిరి ప్రాంతాల్లో పసుపు గారలు పట్టిన పళ్ళు, వంగని మోకాళ్ళు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. అమెరికాకు వచ్చాక, ఇక్కడ చాలా నగరాల్లో పళ్ళు పుచ్చిపోకుండా నీళ్ళలో ఫ్లోరైడును లీటరుకు 0.7 మిల్లీగ్రాముల మోతాదులో పనిగట్టుకుని కలుపుతారని తెలిసి ఆశ్చర్యపోయాను. అక్కడ తీసేయడానికి డబ్బులు లేని పదార్థాన్ని ఇక్కడ డబ్బు పెట్టి కలుపుతున్నారు. మోతాదు ఒక్కటే తేడా. నీళ్ళ శుద్ధి మీద ఇంజనీరింగ్ చదవాలన్న కోరిక నాకు అక్కడ పుట్టింది. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం మా వాళ్ళు ఇంకా ఎదురు చూస్తున్నారని కూడా రాశాను. ఈ వ్యాసాలు రెండూ అమ్మ చేత దిద్దించుకోవడానికి తెలుగులో చెప్పి వినిపించాను. బడిపిల్లల రాతలు దిద్దిన అలవాటుతో ఆమె ఎక్కడెక్కడ నేను గొప్పకు పోయానో పట్టుకుని తీసేయించింది.

స్వార్త్‌మోర్ నుంచి ఎంపికైనట్టు మెయిల్ వచ్చాక ఇంట్లో రెండో విడత చర్చ మొదలైంది. నాన్న వాదనలో బలం ఉంది. టెక్సాస్‌లో తరగతిలో పైస్థానంలో ఉన్నవారికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం ఇచ్చే చట్టం 1997 నుంచి ఉంది. నేను దరఖాస్తు చేసిన ఏడు ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌కు ఆ హద్దు మొదటి 6 శాతం, నేను అందులో ఉన్నాను. పైగా అప్పట్లో 65 వేల డాలర్ల లోపు ఆదాయం ఉన్న టెక్సాస్ కుటుంబాల పిల్లలకు అక్కడ ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసే పథకం ఉండేది. "ఇక్కడ అన్నీ ఉంటే, అంత దూరం ఒక్కదానివే వెళ్ళి చూసేదేముందమ్మా?" అని ఆయన అడిగాడు. ఏడాదికి 80 వేల డాలర్లకు అటూ ఇటూ ఖర్చు చూపించే కళాశాల పేరు వినడమే ఆయనకు భయంగా ఉండేది. ప్రవేశానికి ఒప్పుకోమని కాదు, కేవలం చూసి రావడానికేనని, వెళ్ళినంత మాత్రాన అక్కడే చేరాలన్న నియమం లేదని, టిక్కెట్టు కళాశాలే కొంటుందని చెప్పిన మీదట అనుమతి పత్రం మీద సంతకం చేశాడు. మైనర్లకు ఆ పత్రం తప్పనిసరి.

స్వార్త్‌మోర్ ఫిలడెల్ఫియాకు నైరుతి దిక్కున ఉంది. 1864లో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు స్థాపించిన కళాశాల. విద్యార్థులు మొత్తం 1,600 మందికి కాస్త అటూ ఇటూ. ప్రాంగణం మొత్తం స్కాట్ ఆర్బొరీటం అనే వృక్షోద్యానం కాబట్టి చాలా చెట్లకు పేర్లు రాసిన బిళ్ళలు కట్టి ఉంటాయి. ఊరి రైలు స్టేషను నుంచి రెండు వైపులా ఓక్ చెట్లున్న దారి పైకి ఎక్కితే పారిష్ హాల్ అనే పెద్ద రాతి కట్టడం. ఇవన్నీ ఫోటోల్లో చూడవచ్చు. ఫోటోల్లో కనిపించనిది, నన్ను తన గదిలో ఉంచుకున్న రెండో సంవత్సరం విద్యార్థిని రాత్రి పొద్దుపోయేదాకా చెప్పిన విషయాలు. ఆమె తల్లిదండ్రులు కూడా కాలేజీ చదవలేదు. ఇక్కడ చదువు బరువు చాలా ఎక్కువనీ, మొదటి సెమిస్టరులో గ్రేడ్లు ట్రాన్‌స్క్రిప్ట్ మీద అక్షరాల్లో పడకుండా క్రెడిట్ వచ్చిందా లేదా అన్నది మాత్రమే నమోదు చేయడం తనలాంటివాళ్ళను ఎంతో ఆదుకుందనీ చెప్పింది. దాచకుండా చెప్పినందుకు ఆమె మీద నాకు గౌరవం కలిగింది.

మర్నాడు ఒక రసాయన శాస్త్రం క్లాసులో కూర్చున్నాను. ఇర్వింగ్‌లో నా హైస్కూల్ క్లాసు కంటే అది చిన్నది. ప్రొఫెసరు బోర్డు మీద వేసిన లెక్కను ఒక విద్యార్థి ఆపి ప్రశ్నించాడు. ఆయన వెనక్కి వెళ్ళి ఆ మెట్టును మళ్ళీ పూర్తిగా రాసి, ఆ ప్రశ్న ఎందుకు మంచిదో చెప్పి ముందుకు సాగారు. క్లాసు అయ్యాక ఫ్లోరైడు తొలగించే పద్ధతుల గురించి అడిగితే, నన్ను ఇంజనీరింగ్ విభాగం వైపు పంపారు. లిబరల్ ఆర్ట్స్ కళాశాలల్లో ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్నవి తక్కువ. స్వార్త్‌మోర్ అందులో ఒకటి. అక్కడి ప్రయోగశాలలో మూడో సంవత్సరం విద్యార్థులు చేస్తున్న పని చూస్తూ నిలబడిన ఆ గంట, నాకు ఆ ప్రయాణమంతటిలో విలువైనది. ఆస్టిన్‌లో ఇంతకంటే పెద్ద ప్రయోగశాలలు ఉంటాయని నాకు తెలుసు. మొదటి ఏడాదిలోనే ఆ బల్ల దగ్గరికి చేరగలనా అన్నది నా ప్రశ్న. స్వార్త్‌మోర్‌లో చేరగలనని, అక్కడి విద్యార్థులనే అడిగి నిర్ధారించుకున్నాను.

ఆర్థిక సహాయం ఆఫీసు వాళ్ళతో జరిగిన సమావేశానికి నేను అమ్మానాన్నల ప్రశ్నలన్నీ తెలుగులో కాగితం మీద రాసుకుని వెళ్ళాను. గంటల లెక్కన జీతం మారుతుంటే ఏ ఏడాది లెక్క తీసుకుంటారు? అప్పు తప్పనిసరా? పుస్తకాలు, ప్రయాణం ఖర్చు ఎవరిది? అమెరికా పౌరులు, శాశ్వత నివాసుల విషయంలో విద్యార్థి చెల్లించగలడా లేదా చూడకుండా ప్రవేశం నిర్ణయిస్తారనీ, తర్వాత కుటుంబం కట్టలేదని లెక్క తేలిన మొత్తమంతా కళాశాలే భరిస్తుందనీ, ఇచ్చే ప్యాకేజీలో అప్పు పెట్టరనీ జవాబు వచ్చింది. తక్కువ ఆదాయం గల విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే, తిరిగి కట్టనక్కర్లేని ఫెడరల్ పెల్ గ్రాంట్, ఆ విద్యా సంవత్సరానికి గరిష్ఠంగా 7,395 డాలర్లు, అందులో భాగంగా కలుస్తుంది. ఆస్టిన్‌లో ట్యూషన్ మాఫీ అయినా గది, భోజనం ఖర్చు మిగులుతుంది. ఇక్కడ అవి కూడా లెక్కలోకి వస్తాయి. నాన్న భయపడిన 80 వేలు మా ఇంటికి వర్తించే అంకె కాదని నాకు ఆ గదిలో అర్థమైంది. ఇంటికి ఫోను చేసి ఆ జవాబులన్నీ వరసగా చదివి వినిపించాను. నాన్న ఒక్కొక్కదానికి మళ్ళీ ప్రశ్న వేసి, జవాబు రాసుకున్నాడు.

తిరిగి వచ్చాక తుది దరఖాస్తు వేరే పని. నవంబరు 15 గడువుతో ఉండే ఎర్లీ డెసిషన్‌లో ప్రవేశం వస్తే అక్కడే చేరాలన్న కట్టుబాటు ఉంటుంది. రెండు చోట్ల నుంచి వచ్చే ఆర్థిక సహాయం లేఖలను పక్కపక్కన పెట్టి చూడకుండా మాట ఇవ్వడం మా ఇంటికి కుదరదు కనుక, జనవరి మొదట్లో గడువు ఉండే రెగ్యులర్ డెసిషన్‌లోనే వేశాను. అంతకుముందే, కళాశాలలు తమ సహాయం లెక్కగట్టడానికి అడిగే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఫారం నింపాం. 1040 ఫైలు బయటకు వచ్చే ఉంది కాబట్టి ఈసారి ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఏడు, కేంద్ర ప్రభుత్వ విద్యార్థి సహాయానికి నింపే కొత్త ఫాఫ్సా ఫారం అక్టోబరుకు బదులు డిసెంబరు చివర్లో గానీ తెరుచుకోలేదు, తెరుచుకున్నాక కూడా ఎన్నో చిక్కులు పెట్టింది. దాంతో ఆర్థిక సహాయం లెక్కలు రావడం చాలా కుటుంబాలకు ఆలస్యమైంది, మాకు కూడా అయింది.

మార్చిలో స్వార్త్‌మోర్‌లో ప్రవేశం వచ్చింది. ఫ్లై-ఇన్‌కు వెళ్ళడం వల్లే వచ్చిందని నేను చెప్పను. వెళ్ళినవారిలో రానివాళ్ళు ఉన్నారు, వెళ్ళకుండా వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆర్థిక సహాయం లేఖలు రెండూ చేతికి వచ్చిన రోజున నాన్న క్యాలిక్యులేటరు తీసుకుని, ఒకవైపు ఆస్టిన్‌లో గది, భోజనం ఖర్చూ, మరోవైపు డాలస్ నుంచి ఫిలడెల్ఫియాకు ఏడాదికి రెండుసార్లు రానుపోను టిక్కెట్లూ వేసి చూశాడు. టిక్కెట్లు కలిపినా పెన్సిల్వేనియా వైపు తక్కువ తేలింది. ఏప్రిల్ చివరి వారంలో అంగీకారం పంపాం.